ప్రైమరీ కబుర్లకు తాళం వేయకండి: అమెరికా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, సంఘాల పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపుల అడ్మిన్‌లకు నమస్కారం.

అధ్యక్ష ఎన్నికల ఏడాది జనవరి వచ్చిందంటే మనవాళ్లు నలుగురు కలిసిన చోట మాట ఒకటే: ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికలు. డిబేట్‌లో ఎవరు తేలిపోయారు, ఎవరి దగ్గర డబ్బు నిండుకుంది, అయోవాలో గెలిచినవాళ్లు న్యూ హాంప్‌షైర్‌లో నిలుస్తారా. సరిగ్గా అప్పుడే మీ గ్రూపుల్లో ఓ సందేశం పైన పిన్ అవుతుంది: "దయచేసి రాజకీయాలు మాట్లాడకండి. మనది 501సి3 సంస్థ." అంతటితో గ్రూపు మళ్లీ పుట్టినరోజు శుభాకాంక్షలకు, అద్దె గదుల ప్రకటనలకు పరిమితమవుతుంది. 501సి3 అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ, కాబట్టి మీ భయం మాకు అర్థమవుతుంది. కానీ చట్టం వద్దన్నది కొంచెమే, మీరు ఆపేస్తున్నది చాలా ఎక్కువ. ఆ తేడా ఎక్కడుందో చెప్పి, మీ చేతిలో ఉన్న కొన్ని పనులు చేయమని అడగడానికే ఈ లేఖ.

1954లో అప్పటి సెనేటర్ లిండన్ జాన్సన్ పన్ను చట్టానికి ఒక సవరణ తెచ్చారు. 501సి3 సంస్థ ఏ అభ్యర్థికీ అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ప్రచారంలో దిగకూడదన్నది దాని సారం. దిగితే పన్ను మినహాయింపు పోవచ్చు, పెట్టిన ఖర్చు మీద 10 శాతం ఎక్సైజ్ పన్నూ పడవచ్చు. అయితే ఓటరు నమోదు, ఓటు వేసే పద్ధతి వివరించడం, అభ్యర్థులందరినీ సమానంగా పిలిచి చర్చ పెట్టడం, ఇవన్నీ ఏ పక్షానికీ మొగ్గకుండా చేస్తే నిక్షేపంగా చేసుకోవచ్చు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2007-41 నంబరుతో ఇచ్చిన రెవెన్యూ రూలింగ్‌లో 21 సందర్భాలు తీసుకుని ఏది తప్పు, ఏది కాదు అని విడమరిచి చెప్పింది. కార్యవర్గంలో ప్రతి ఒక్కరూ ఒక్కసారి చదవాల్సిన కాగితం అది.

మన వ్యవహారాలకు అన్వయిస్తే లెక్క ఇలా ఉంటుంది. ఉగాది వేదిక మీద సంఘం అధ్యక్షుడు ఒక అభ్యర్థి పేరెత్తి గెలిపించమంటే తప్పు. అదే మాట సంఘం పత్రికలో తన సొంత ఖర్చుతో అచ్చు వేయించినా తప్పే, ఎందుకంటే ఆ పత్రిక సంస్థది. సొంతంగా, బయటి వేదిక మీద, ఇది సంస్థ మాట కాదని చెప్పి మాట్లాడితే అది ఆయన హక్కు. మహాసభల సావనీర్‌లో ఒక అభ్యర్థికి ప్రకటన అమ్మితే, మిగతావాళ్లు అడిగినా అదే ధరకు ఇవ్వాలి. సభ్యుల ఈమెయిల్ జాబితా ఒక ప్రచార బృందానికి ఉచితంగా అందిస్తే నేరుగా ఇరుక్కున్నట్టే. మహాసభల ముందు హడావుడిలో అందరూ ఏమరుపాటుగా ఉండేది సావనీర్ దగ్గర, జాబితా దగ్గరే. మామూలు సభ్యులు తమలో తాము చెప్పుకునే కబుర్లు సంస్థ మాటలు కావు. అయినా గీత చెరిగిపోతుందని సందేహం ఉంటే సులువైన దారి ఉంది. సంఘం పేరు, లోగో లేకుండా, పదవుల్లో ఉన్నవాళ్లు అడ్మిన్‌లుగా లేకుండా వేరే గ్రూపు ఒకటి పెట్టుకోమని సభ్యులకే వదిలేయండి. సంఘం గ్రూపులో తేదీలు, ఫారాలు, నిబంధనలు మాత్రం తప్పకుండా పెట్టండి. అభ్యర్థుల పేర్లు అక్కడ, గడువు తేదీలు ఇక్కడ. ఇప్పుడు మీరు చేస్తున్నదల్లా రెండూ కలిపి మూసేయడం.

ఈ కబుర్లు మాకు ఎందుకంత ముఖ్యమంటే, ఇక్కడ పార్టీ టికెట్ ఇచ్చేది అధిష్ఠానం కాదు. మన రాష్ట్రాల్లో బి-ఫారం ఎవరి చేతికి వస్తుందో ఢిల్లీలోనో, పార్టీ అధినేత ఇంట్లోనో తేలుతుంది. ఓటరు ఎంత మాట్లాడినా ఆ మాట నామినేషన్ల గడువు దాటాకే పనికొస్తుంది. ఇక్కడ ప్రైమరీ ఓటరే బి-ఫారం ఇస్తాడు. పైగా ప్రైమరీలో ఓటేసేవాళ్లు నవంబరు ఓటర్లకంటే బాగా తక్కువ కాబట్టి ఒక్కో ఓటుకు బరువు ఎక్కువ. శనివారం రాత్రి భోజనాల దగ్గర సాగే వాదన మంగళవారం ఓటుగా మారగలిగేది ఈ నాలుగైదు నెలల్లోనే.

మారాలంటే ముందు లెక్క తెలియాలి. మనవాళ్ల వాదనలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎమ్మెల్యే సీట్ల లెక్కకు అలవాటుపడిన కళ్లతో చూసి "ఆ రాష్ట్రం గెలిచాడు, ఈ రాష్ట్రం ఓడిపోయాడు" అని పాయింట్లు వేసుకుంటారు. ప్రైమరీలో లెక్కించేది డెలిగేట్లను. పార్టీ మహాసభలో ఓటేసే ఆ ప్రతినిధుల్లో సగానికి మించి కూడగట్టినవాళ్లదే టికెట్. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429 మంది డెలిగేట్లు, కావలసింది 1,215. 2020లో డెమొక్రాట్లకు ప్రైమరీల ద్వారా ఎన్నికైనవాళ్లు 3,979, కావలసింది 1,991. 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ పోటీలో ఫిబ్రవరి 5న న్యూజెర్సీ హిల్లరీకి వెళ్లింది, డెలిగేట్లు 59, 48గా పంచుకున్నారు. అదే రోజు చిన్న రాష్ట్రం ఐడహో కాకస్‌లలో (ప్రైమరీకి బదులు పార్టీవాళ్లు సమావేశమై మద్దతు తెలిపే పద్ధతి) ఒబామాకు 15, హిల్లరీకి 3 వచ్చాయి. న్యూజెర్సీ ఇచ్చిన ఆధిక్యం 11, ఐడహో ఇచ్చింది 12. అంత పెద్ద రాష్ట్రంలో గెలుపు ఐడహో దగ్గర కరిగిపోయింది. అంతకు ముందు నెవాడా కాకస్‌లలో హిల్లరీకే ఎక్కువ మద్దతు వచ్చినా డెలిగేట్లలో ఒబామా 13, ఆమె 12.

డెమొక్రాట్ల నియమం అన్ని రాష్ట్రాల్లోనూ ఒకటే: వచ్చిన ఓట్ల నిష్పత్తిలో డెలిగేట్లు. కానీ 15 శాతం దాటితేనే. ఆ గీతను రాష్ట్రం మొత్తానికి ఒకసారి, ఎక్కువ రాష్ట్రాల్లో ప్రతి కాంగ్రెస్ నియోజకవర్గానికి విడిగా మరోసారి గీస్తారు. మన ఎన్నికల్లో పోలైన ఓట్లలో ఆరో వంతు రాకపోతే డిపాజిట్ గల్లంతవుతుంది కదా, ఇక్కడ దాదాపు అదే హద్దులో డెలిగేట్లు గల్లంతవుతారు. 2020 కాలిఫోర్నియాలో ఎలిజబెత్ వారెన్‌కు సుమారు 13 శాతం, బ్లూంబర్గ్‌కు 12 శాతం వచ్చాయి. రాష్ట్రస్థాయి డెలిగేట్లలో ఇద్దరికీ ఒక్కరు కూడా దక్కలేదు, ఏవో కొన్ని నియోజకవర్గాల్లో గీత దాటినందుకు కొద్దిమంది దక్కారు. అందుకే "నా అభ్యర్థికి మా రాష్ట్రంలో 12 శాతం ఉంది, పర్వాలేదు" అనే మాట విన్నప్పుడు అడగాల్సిన ప్రశ్న ఒకటే: మీ నియోజకవర్గంలో 15 దాటుతుందా?

నియోజకవర్గానికి ఎంతమంది డెలిగేట్లు అన్నదీ చూడాలి. ఇద్దరే గట్టి అభ్యర్థులున్నారనుకుందాం. 4 డెలిగేట్లున్న చోట 62 శాతం తెచ్చుకున్నా పంపకం 2-2. 3-1 కావాలంటే 62.5 శాతం దాటాలి. పక్కనే 5 డెలిగేట్లున్న చోట 51 శాతానికే 3-2, ఆ తరువాతి మెట్టు 4-1 ఎక్కాలంటే 70 శాతం. బేసి సంఖ్య ఉన్న చోట పది ఓట్లు కూడా ఫలితం మార్చగలవు, సరి సంఖ్య ఉన్న చోట వెయ్యి ఓట్లు కలిసినా కదలకపోవచ్చు. పోటాపోటీగా ఉన్న ఏడాది ప్రచార బృందాలు ఏ ఊళ్లో తలుపులు తట్టాలో ఈ లెక్క చూసే నిర్ణయిస్తాయి.

రిపబ్లికన్ల తీరు వేరు. పద్ధతి ఎంచుకునేది రాష్ట్ర పార్టీ. ఇటీవలి ఎన్నికల్లో మార్చి 15కు ముందు జరిపేవాళ్లు ఏదో ఒక రకమైన నిష్పత్తి పాటించాలనీ, ఆ తరువాత కావాలంటే గెలిచినవాళ్లకే అన్నీ ఇవ్వవచ్చనీ జాతీయ నిబంధన ఉంది. దానికి మినహాయింపులూ ఉన్నాయి: 2016లో సౌత్ కరోలినా ఫిబ్రవరిలోనే జరిగినా ట్రంప్ 32.5 శాతం ఓట్లతో 50కి 50 డెలిగేట్లను తీసుకెళ్లారు. 2024 కాలిఫోర్నియాలో రిపబ్లికన్ డెలిగేట్లు 169, సగానికి మించి ఓట్లు వస్తే మొత్తం ఒక్కరికే. ఇంకొక విశేషం మనవాళ్లు దాదాపుగా గమనించరు. రిపబ్లికన్ పార్టీ ప్రతి కాంగ్రెస్ నియోజకవర్గానికీ లెక్కగా ముగ్గురు డెలిగేట్లనే కేటాయిస్తుంది, అక్కడ పార్టీ ఓటర్లు లక్షల్లో ఉన్నా వేలల్లో ఉన్నా. నియోజకవర్గాలవారీగా పంచే రాష్ట్రాల్లో డెమొక్రాట్ల కంచుకోటలో ఉన్న రిపబ్లికన్ ఓటుకు రిపబ్లికన్ల కంచుకోటలో ఉన్నదానికంటే విలువ ఎక్కువ. "మా ఏరియాలో నా పార్టీకి దిక్కేలేదు, ఓటేసి ఏం లాభం" అని కూర్చున్నవాళ్లకు ఈ మాట తప్పక చెప్పండి.

ఇక మనవాళ్లు, మన పేర్లు. బాబీ జిందాల్ 2015 నవంబరులోనే తప్పుకున్నారు. కమలా హారిస్ 2019 డిసెంబరు 3న, ఒక్క ఓటు కూడా పడకముందే విరమించారు. వివేక్ రామస్వామి 2024 జనవరి 15న అయోవా ఫలితం వచ్చిన రాత్రే ఆగిపోయారు. నిక్కీ హేలీ మార్చి 6 దాకా నిలబడి, వాషింగ్టన్ డీసీ, వెర్మాంట్ గెలిచారు. ఈ పేర్ల మీద మన గ్రూపుల్లో వాదోపవాదాలు నెలల తరబడి సాగాయి. కానీ అభ్యర్థి తప్పుకున్నా బ్యాలెట్ మీద పేరు అచ్చయ్యే ఉంటుంది. 2020లో పీట్ బుటిజజ్ మార్చి 1న, ఎమీ క్లోబుషార్ మార్చి 2న తప్పుకున్నారు, చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డే మార్చి 3. అప్పటికే టెక్సాస్‌లో ముందస్తు ఓటింగ్ ముగిసింది, కాలిఫోర్నియాలో లక్షల బ్యాలెట్లు పోస్టులో వెళ్లిపోయాయి. వేసిన ఓటు వెనక్కి రాదు. కాబట్టి నవంబరులో బ్యాలెట్ వచ్చిన రోజే పంపడం మంచి అలవాటే గానీ, పోటీ గట్టిగా ఉన్న ప్రైమరీలో చివరి వారం దాకా ఆగడం మేలు. అప్పుడు పోస్టులో కాకుండా అధికారిక డ్రాప్ బాక్స్‌లో గానీ కేంద్రంలో గానీ ఇస్తే ఆలస్యం భయం ఉండదు.

కబుర్లు ఎంత బాగా సాగినా, పార్టీ నమోదు గడువు దాటిపోతే అన్నీ వృథా. రాష్ట్రానికో తీరు. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడాల్లో ఆ పార్టీ సభ్యులుగా నమోదైనవాళ్లే ఆ పార్టీ ప్రైమరీలో ఓటేయాలి. 2016 ఏప్రిల్ 19న జరిగిన న్యూయార్క్ ప్రైమరీకి, అప్పటికే ఓటర్లుగా ఉన్నవాళ్లు పార్టీ మార్చుకునే గడువు 2015 అక్టోబరు 9. అది తప్పినందుకు ఇవాంకా ట్రంప్, ఎరిక్ ట్రంప్ తమ తండ్రికే ఓటు వేయలేకపోయారు. తరువాత చట్టం మార్చి ఆ గడువును ఫిబ్రవరి 14కు తెచ్చారు. టెక్సాస్, వర్జీనియా, జార్జియాల్లో పార్టీ నమోదు అనేదే లేదు, ఆ రోజు ఏ పార్టీ బ్యాలెట్ కావాలో చెబితే చాలు. అయితే టెక్సాస్‌లో ఓటరుగా నమోదు కావడానికి గడువు ఎన్నికకు 30 రోజుల ముందు. మామూలుగా ఫారం నింపి, సంతకం చేసి కౌంటీకి కాగితం రూపంలో పంపాలి. మార్చిలో ఒక పార్టీ ప్రైమరీలో ఓటేస్తే రనాఫ్‌లో (ఎవరికీ సగానికి మించి రాకపోతే జరిగే రెండో విడతలో) రెండో పార్టీకి మారడం కుదరదు. న్యూజెర్సీలో ఏ పార్టీలోనూ లేనివాళ్లు పోలింగ్ కేంద్రంలోనే ఎంచుకోవచ్చు, ఒక పార్టీలో ఉండి మారాలనుకుంటే 55 రోజుల ముందే మారాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో బ్యాలెట్ కవరు మీద పార్టీ గడిలో టిక్కు పెట్టాలి, లోపల ఓటు అదే పార్టీ అభ్యర్థికి పడాలి. టిక్కు మరిచిపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు.

కాలిఫోర్నియాలో చిక్కులు రెండు. "నో పార్టీ ప్రిఫరెన్స్" అని నమోదైనవాళ్లకు పోస్టులో వచ్చే బ్యాలెట్‌లో అధ్యక్ష పోటీ అసలు ఉండదు. డెమొక్రటిక్ బ్యాలెట్ కావాలంటే కౌంటీని విడిగా అడగాలి. రిపబ్లికన్ ప్రైమరీకైతే ఆ పార్టీలో నమోదు కావాల్సిందే. రెండోది ఇంకా బాధాకరం: తాము స్వతంత్రులమనుకుని "అమెరికన్ ఇండిపెండెంట్" గడిలో టిక్కు పెట్టేవాళ్లు ఎందరో. అది ఒక రాజకీయ పార్టీ పేరు. మీ సభ్యులను ఇప్పుడే కౌంటీ వెబ్‌సైట్‌లో తమ నమోదు తెరిచి చూసుకోమనండి. పోలింగ్ రోజు దాకా అక్కడ మళ్లీ నమోదు చేసుకునే వీలుంది గానీ, అందుకోసం కేంద్రానికి స్వయంగా వెళ్లాలి.

పేర్ల విషయం మన సంఘాలు తప్ప ఇంకెవరూ పట్టించుకోరు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతున్నాం. 2002 నాటి హావా (హెల్ప్ అమెరికా వోట్) చట్టం ప్రకారం కొత్త ఓటరు వివరాలను డ్రైవింగ్ లైసెన్స్ నంబరుతో గానీ, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలతో గానీ సరిచూస్తారు. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో ఒకచోట, లైసెన్స్‌లో మరోచోట ఉంటుంది. రెండు మూడు పదాల పేరు ఒకచోట కలిపి, ఇంకోచోట విడగొట్టి ఉంటుంది. కొందరికి మొదటి పేరు గడిలో "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని పడిపోయి ఉంటుంది. ఫారం మీద పేరు లైసెన్స్ మీద ఉన్న అక్షరాలతో, అదే వరుసలో రాయించండి. పౌరసత్వం వచ్చాక లైసెన్స్ ఆఫీసులోనూ, సోషల్ సెక్యూరిటీ ఆఫీసులోనూ రికార్డు మార్పించండి. గ్రీన్‌కార్డు రోజుల్లో తీసుకున్న లైసెన్స్ సమాచారం పాతదిగానే మిగిలిపోతే పౌరుడు కాదన్న అనుమానం రావచ్చు. 2019 జనవరిలో టెక్సాస్ ప్రభుత్వం సుమారు 95,000 మంది ఓటర్లను అనుమానితుల జాబితాలో పెట్టింది. అందులో పెద్ద సంఖ్యలో పౌరసత్వం పొందినవాళ్లే ఉన్నారని తేలి, దావాలు పడి, చివరికి వెనక్కి తీసుకుంది. చాలా రాష్ట్రాల్లో పోస్టు బ్యాలెట్ కవరు మీద సంతకం ఫైల్లో ఉన్నదానితో కలవాలి. తెలుగులో సంతకం చేసేవాళ్లు రెండు చోట్లా తెలుగులోనే చేయాలి.

యాభై ఏళ్లు దాటి 20 ఏళ్లుగా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, 55 దాటి 15 ఏళ్లుగా ఉన్నవాళ్లకు పౌరసత్వంలో ఇంగ్లిష్ పరీక్ష మినహాయింపు ఉంది. అలా పౌరులైన అమ్మమ్మలు, తాతయ్యలు బ్యాలెట్ చదవలేక ఇంట్లో ఉండిపోనక్కరలేదు. ఓటింగ్ హక్కుల చట్టం 208వ సెక్షన్ ప్రకారం చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని సాయంగా లోపలికి తీసుకెళ్లవచ్చు. యజమాని, యజమాని తరఫు మనిషి, యూనియన్ ప్రతినిధి మాత్రం పనికిరారు. కొడుకు, కోడలు, మనవరాలు ఎవరైనా సరే.

ఓటు హక్కు లేనివాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. హెచ్1బీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అధ్యక్ష ప్రైమరీలో ఓటేయడం ఫెడరల్ నేరం. పౌరులమని తప్పుగా చెప్పడం ఒక్కటే జీవితాంతం ఇమిగ్రేషన్‌కు అడ్డుపడగలదు. ఇది ఎక్కువగా జరిగేది లైసెన్స్ రెన్యువల్ స్క్రీన్ మీద, హడావుడిగా "అవును" నొక్కినప్పుడు. ఓటరు కార్డు పొరపాటున ఇంటికి వస్తే కౌంటీకి రాతపూర్వకంగా రద్దు చేయమని రాసి, ప్రతి దాచుకుని, పౌరసత్వ దరఖాస్తు ఎన్-400 వేసే ముందు లాయరును కలవాలి. ఆ ఫారంలో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న ఉంటుంది. విరాళాలు గ్రీన్‌కార్డు వాళ్లు ఇవ్వవచ్చు, హెచ్1బీ వాళ్లు ఇవ్వకూడదు. జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా ప్రచారంలో పనిచేయడం మాత్రం వాళ్లకూ కుదురుతుంది, ప్రచార నిర్ణయాల్లో తలదూర్చకపోతే. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం నేరం. స్నేహితుల పేర్లతో చెక్కులు సర్దేవాళ్లు మీ సభ్యుల్లో ఉంటే ఈ మాట ఈరోజే చెవిన వేయండి.

ఇప్పుడు మేం అడిగేవి. 2028 నవంబరు 7 ఎన్నికకు ప్రైమరీ సందడి ఏడాది ముందే మొదలవుతుంది. కాబట్టి 2027 వేసవి మహాసభల్లో ఒక గది, రెండు గంటలు ఇవ్వండి. మీ రాష్ట్రానికి చెందిన గడువులు, పార్టీ నమోదు నిబంధన ఒకే పేజీలో తెలుగులో వేయించండి. అభ్యర్థుల పేర్లు, ఫొటోలు, పార్టీ రంగులు దాని మీద వద్దు. క్యాలెండర్లు మారుతుంటాయి కాబట్టి 2027 డిసెంబరులో మళ్లీ సరిచూసి రెండోసారి పంపండి. నమోదు టేబుల్ పెడితే ఖాళీ ఫారాలు ఇచ్చి ఎవరిది వాళ్లనే పోస్టు చేసుకోమనండి. టెక్సాస్‌లో నింపిన ఫారాలు సేకరించాలంటే కౌంటీ నియమించిన వాలంటీర్ డెప్యూటీ రిజిస్ట్రార్ అయి ఉండాలి, తీసుకున్నవాటిని 5 రోజుల్లో అప్పగించాలి. ఫ్లోరిడాలో సంస్థే ముందుగా రాష్ట్రం దగ్గర నమోదు కావాలి. మంచి ఉద్దేశంతో ఫారాలు పోగేసి బ్యాగులో మరిచిపోతే నష్టపోయేది ఆ ఓటర్లు.

డెలిగేట్లుగా నిలబడాలనుకునే యువతకు దారి చూపండి. టెక్సాస్‌లో ప్రైమరీలో ఓటేసినవాళ్లెవరైనా ఆ పార్టీ ప్రీసింక్ట్ (కౌంటీలో అతిచిన్న ఓటింగ్ ప్రాంతం) సభకు వెళ్లి, అక్కడి నుంచి జిల్లా సభకు, రాష్ట్ర మహాసభకు ఒక్కో మెట్టూ ఎక్కవచ్చు. 2024 జూలై 21న బైడెన్ తప్పుకున్నాక హారిస్‌ను అభ్యర్థిగా నిలిపింది అలా ఎన్నికైన డెలిగేట్లే. ఆ కుర్చీల్లో మన పిల్లలు కూర్చోవాలంటే ప్రీసింక్ట్ సభ ఎప్పుడు, ఎక్కడ అన్నది మీ గ్రూపులో ఒక్క సందేశంగా రావాలి. ఆ సందేశానికి 501సి3 అడ్డు కాదు.

పైన పిన్ చేసిన సందేశాన్ని ఇలా మార్చమని మా మనవి: "అభ్యర్థుల మీద చర్చ సంఘం పేరు లేని గ్రూపుల్లో చేసుకోండి. ఓటరు నమోదు, పార్టీ నమోదు, గడువు తేదీల మీద ఏ సందేహమైనా ఇక్కడే అడగండి." దాని కింద మీ కౌంటీ ఎన్నికల ఆఫీసు లింకు పెట్టండి.

ఇట్లు,
ఓటరు నమోదు పనిలో ఉన్న కొందరు తెలుగువాళ్లు